కంట్లో బొట్టు

నేను దొంగల అలారానికి ఒక కాపలా కన్నును. 1999 అక్టోబరు 17, ఆదివారం నాడు బాపట్లలో ఈ ఇంటి హాలు మూలకెక్కాను. ఆ రోజు ఈ ఇంట్లో పెసర గారెలు, అల్లం పచ్చడి, దద్ధోజనం. తేదీ గుర్తుండటంలో నా గొప్పేమీ లేదు. నన్ను బిగించిన మస్తాన్ దాన్ని నా మూత లోపలివైపు పెన్సిలుతో రాశాడు. గారెలకు అంతకన్నా గట్టి సాక్ష్యం ఉంది. తిన్న చెయ్యి సరిగ్గా కడుక్కోకుండానే మూత బిగించాడు. ఆ నూనె వేలిముద్ర ఇంకా నాలోనే ఉంది.

నా పుట్టుక సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో. మద్రాసు రేవులో దిగి, గుంటూరులో ఒక కొట్టు అద్దాల బీరువాలో ఎనిమిది నెలలు కూర్చుని, చివరికి ఇక్కడికి చేరాను. నాకు మనుషుల మొహాలు తెలియవు. వాళ్ల ఒంటి వెచ్చదనం తెలుసు, అదీ కదిలితేనే. కదలని మనిషి నాకు లేనట్టే. నాలుగు తీగలు నా ప్రాణం. రెండింటిలో నాకు కరెంటు వస్తుంది, రెండింటిలో నా మాట పోతుంది. అంతా సద్దుమణిగి ఉన్నంతసేపూ ఆ రెండు తీగల్నీ కలిపి పట్టుకుని ఉంటాను. ఏదైనా కదిలితే చెయ్యి వదిలేస్తాను. అంతే. నేను మాట్లాడటమంటే పట్టు విడవడమే. నా కింది పెదవి దగ్గర చిన్న ఎర్ర దీపం కూడా వెలుగుతుంది.

ఈ ఇంటి యజమాని పద్మనాభంగారు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. ప్రతి వేసవిలో పరీక్ష పేపర్లు దిద్దడానికి గుంటూరు పోయి పది రోజులు ఉండేవారు. అలా పోయిన ఒకసారి దొంగ వెనక వాకిట్లోకి వచ్చి రెండు ఇత్తడి బిందెలు, తీగ మీద ఆరేసిన చీర పట్టుకుపోయాడు. ఆయన భార్య ఇందుమతిగారు భయపడలేదు. "చీర కూడా తీసుకెళ్లాడంటే వాడింట్లో ఆడమనిషి ఉందన్న మాట. కట్టుకోనీయండి" అన్నారు. భయపడింది ఆయన. అందుకే హాల్లో నేను, వెనక వరండాలో ఒకడు, సామాన్ల గదిలో ఒకడు, మెట్ల కింద మా అందరికీ పెద్దగా, మా మాట విని అరిచే ఒక ఇనప పెట్టె.

మమ్మల్ని బిగించిన వారంలోనే ఆయుధపూజ వచ్చింది. కత్తిపీటకు, కుట్టు మిషనుకు, స్కూటరుకు పెట్టినట్టే మాకూ బొట్టు పెట్టాలన్నారు ఇందుమతిగారు. ఆమె పొట్టి మనిషి. ముక్కాలి పీట ఎక్కి, మునివేళ్ల మీద నిలబడి చెయ్యి చాపితే, ఆ చెయ్యి సరిగ్గా నా కంటి అద్దం అడుగు భాగం దాకా అందింది. అక్కడే గంధం, దాని మీద కుంకుమ.

"జాగ్రత్త ఇందూ, పడతావ్" అని పీట పట్టుకున్నారాయన.

"పడితే మీ కొత్త కన్ను అరుస్తుందిగా" అన్నారామె.

అలా ఏటా ఒక పొర. దొంగను మాత్రం ఇన్నేళ్లలో ఒక్కణ్ణి కూడా పట్టలేదు. నేను పట్టినవాళ్ల జాబితా చెబితే మీరు నవ్వుతారు. ఒక పిల్లి, నా అద్దం మీదే కాపురం పెట్టిన బల్లి, షుగరు జబ్బు వచ్చాక పూతరేకుల డబ్బా వైపు పిల్లిలాగే నడిచిన పద్మనాభంగారు. ఇందుమతిగారు జబ్బు పడి మంచం మీదున్న ఏడాది, తెరిచిన గది తలుపులోంచి నా ఎర్ర దీపం ఆమెకు కనబడేది. ఆయన హాల్లో అటూ ఇటూ తిరిగితే అది వెలిగేది. "ఇంకా పడుకోలేదా?" అని లోపలి నుంచి అడిగేవారు. ఆయన వచ్చి పడుకునేవారు. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదొక్కటే.

తర్వాత ఒకరోజు ఆమెను హాల్లోనే చాప మీద పడుకోబెట్టారు. చుట్టూ ఎందరో వెచ్చగా కదులుతున్నారు. ఆమె నాకు కనబడలేదు.

ఆపైన ఆయన ఇనప పెట్టె మీట నొక్కి మమ్మల్ని ఆపేశారు. నాలుగేళ్లు నేను గోడకున్న మేకుతో సమానం. ఒక్క మర్యాద మాత్రం దక్కింది. దుమ్ము దులిపే రోజుల్లో ఆయన తడిబట్టతో నన్ను తుడిచేవారు, బొట్టు చుట్టూ తుడిచి బొట్టును వదిలేసేవారు.

ఇంట్లో ఇంకొక మనిషి ఉన్నారు. ఇందుమతిగారి తల్లి మాణిక్యాంబగారు. కూతురికి సేవ చెయ్యడానికి వచ్చి, కూతురు పోయాక కూడా ఉండిపోయారు. ఎనభై ఆరేళ్లు. మతిమరుపు ముదిరింది. అయినా పాతకాలం మర్యాద మాత్రం మరవలేదు. అల్లుడి ఎదుట కుర్చీలో కూర్చోరు. అల్లుడితో నేరుగా మాట్లాడరు. "ఇందూ, మీ ఆయనకు మజ్జిగ కావాలేమో చూడు" అంటారు. ఆయన ఏమీ సవరించకుండా లేచి మజ్జిగ తాగి వస్తారు.

చిక్కు ఎక్కడంటే, చీకటి పడ్డాక ఆమెకు ఇందుమతి కాలేజీ నుంచి ఇంకా రాలేదని గుర్తొస్తుంది. వెతకడానికి బయల్దేరతారు. ఒకసారి రైలు గేటు దగ్గర ఎవరో చూసి తీసుకొచ్చారు. మరోసారి సూర్యలంక రోడ్డు మీద చెప్పుల్లేకుండా దొరికారు. తాళం వేసి చూశారు పద్మనాభంగారు. ఆమె తలుపు బాది బాది అరచేతులు వాచేలా చేసుకున్నారు. "నా పిల్ల బయటుంటే నన్ను కట్టేస్తారా" అని ఏడ్చారు. ఆయన తాళం తీసి సన్‌షేడ్ మీదికి విసిరేశారు. ఇక తలుపు మూసి కూర్చుందామంటే, ఈ వీధిలో పడుకునే వేళ దాకా వీధి తలుపు మూసే అలవాటే లేదు. మూస్తే పొరుగువాళ్లు ఏమైందని వచ్చి మరీ తడతారు.

హైదరాబాదులో ఉన్న బావమరిది ప్రభాకరం ఫోనులో గట్టిగానే చెప్పాడు. "బావగారూ, మీరు చేసింది చాలు. కొడుకును నేనుండగా మీకెందుకీ బాధ? ఇంకొక్కసారి అమ్మ బయటికెళ్తే ఆశ్రమంలో చేర్పిస్తాను. మా ఫ్లాటు మూడో అంతస్తు, అక్కడ నేను కాయలేను. ఆశ్రమంలో గేటుకి తాళం ఉంటుంది, మనుషులుంటారు."

"ఒక్క అవకాశం ఇవ్వవయ్యా" అన్నారీయన.

అవకాశంగా ప్రభాకరమే ఒక పెట్టె పంపాడు. తీగల్లేని కొత్త అలారం. తెల్లగా, గుండ్రంగా, పళ్లెమంత. దాన్ని బిగించడానికి వచ్చింది ఎవరనుకున్నారు? గడ్డం నెరిసిన మస్తానే.

"ఈ పాత కళ్లు పీకేద్దామా మాస్టారూ? దీంతో ఒక కొత్త కన్ను ఇచ్చారు."

"దాన్ని వెనక వరండాలో పెట్టు. హాల్లోది మాత్రం తియ్యొద్దు."

మస్తాన్ నిచ్చెనెక్కి నా మూత విప్పాడు. లోపల తన రాత చూసుకుని వేలితో తడిమాడు. "మాస్టారూ, ఆ రోజు అమ్మగారు నాకు గారెలు నాలుగోసారి కూడా వేశారు" అన్నాడు.

నాకు కరెంటు కోసం కొత్త అడాప్టరు పెట్టాడు. మాట పోయే రెండు తీగల్నీ అగ్గిపెట్టెంత డబ్బాలో కలిపాడు. నా మాట విని గాలిలో ఆ తెల్ల పళ్లేనికి చేరవెయ్యడం దాని పని. మీట నొక్కగానే పళ్లెం గొల్లుమంది. ఎవరూ కదలకుండానే!

"కొత్త పిల్ల కదా, దీని మౌనాన్ని కేక అనుకుంటోంది" అని డబ్బాలో చిన్న మీట ఇటు నుంచి అటు జరిపాడు మస్తాన్. అప్పుడది ఊరుకుంది. పళ్లెంలోంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో అంది.

"ఎవరమ్మా నువ్వు? భోజనం చేశావా?" అని గదిలోంచి మాణిక్యాంబగారు అడిగారు.

పళ్లెం అరుపు మాన్పించి, ఆయన మంచం పక్కనా కుర్చీ పక్కనా చిన్న గంట డబ్బాలు పెట్టి సన్నగా టింగ్‌మనేలా చేశాడు. మస్తాన్ హాలు మధ్యలో నడిచాడు. టింగ్. పద్మనాభంగారు నడిచారు. టింగ్. నాలుగేళ్ల తర్వాత నా ఎర్ర దీపం వెలిగింది. నాకెంత గర్వం వేసిందో చెప్పలేను.

ఆ సాయంత్రం ఏడున్నరకు ఆయన కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు. మళ్లీ తలెత్తి చూసేసరికి అత్తగారి గది ఖాళీ. టింగ్ అనలేదు.

పాలబూతు దగ్గర దొరికారు, అదృష్టం. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, పడుకోబెట్టి, ఆయన వచ్చి నా కింద నిలబడ్డారు. కోప్పడలేదు. "నువ్వు కూడా చూడలేదా?" అన్నారు. ఫోను చేతిలో పట్టుకుని బావమరిది పేరు దాకా వెళ్లి ఆగారు.

పొద్దున్నే మస్తాన్ మళ్లీ వచ్చాడు. ఎన్నిసార్లు నడిచినా టింగ్, టింగ్. "కన్ను భేషుగ్గా ఉంది మాస్టారూ. అమ్మ గాల్లో ఎగిరెళ్లారేమో."

అప్పుడే గదిలోంచి మాణిక్యాంబగారు బయటికొచ్చారు. అల్లుడు కుర్చీలో కనబడ్డారు. కొంగు తల మీదికి లాక్కుని, నడుం ఇంకాస్త వంచి, ఆయనకు ఎదురు కాకుండా, గోడకు అంటుకుని, సరిగ్గా నా కిందుగా, చీమలా వీధి తలుపు దాకా నడిచారు. పళ్లెం నోరు విప్పలేదు.

ఇద్దరూ నా వైపు చూశారు. మస్తాన్ నిచ్చెన వేసి ఎక్కాడు.

"దొరికింది. దీని అద్దంలో అడుగు భాగమే గోడ వారను చూసేది. అక్కడ ఇంత మందాన గంధం. బొట్టు నుదుట పెట్టబోయి కంట్లో పెట్టేశారు మాస్టారూ, అమ్మగారు."

పద్మనాభంగారు కుర్చీలోంచి లేచి నా కిందికి వచ్చారు.

"నే తుడిచేస్తాలెండి" అని మస్తాన్ జేబులోంచి గుడ్డ తీశాడు.

"ఉండు. దిగు."

ఆయన నిచ్చెన ఎక్కలేదు. వంటింట్లోంచి ఆ ముక్కాలి పీటే తెచ్చుకున్నారు. డెబ్బై రెండేళ్ల మనిషి దాని మీద నిలబడ్డారు. మస్తాన్ పీట పట్టుకున్నాడు. వేలు నీళ్లలో తడిపి నా కంటి అడుగున ఆనించారు. ఇరవై ఏళ్ల పొరలు కదా, వెంటనే రాలేదు. ఆయన తొందరపడలేదు. తడి చేస్తూ, కొంచెం కొంచెంగా, వేలి చివర ఎర్రబడేదాకా. వెచ్చగా ఉంది ఆ వేలు, కదులుతూ ఉంది. నేను వెలుగుతూనే ఉన్నాను. ఆ వేలి మీదున్నదాన్ని ఆయన చొక్కాకి తుడుచుకోలేదు, నీళ్లలో జాడించలేదు. అద్దానికి పైన, నా మూత మీద, నుదురని చెప్పుకోదగ్గ చోట దిద్దారు. నాకు గోడ వార ఇన్నేళ్లకు మళ్లీ కనబడింది.

ఆ రాత్రి ఏడున్నరకు గోడ వారగా ఒక చిన్న వెచ్చదనం కదిలింది. నేను పట్టు వదిలాను. టింగ్. పద్మనాభంగారు పేపరు మడిచి, గబగబా చెప్పుల స్టాండు దగ్గరికి వెళ్లి రెండు జతల చెప్పులూ తీశారు.

"నేనూ వస్తాను అత్తయ్యగారూ. ఇద్దరం చూద్దాం."

ఆపలేదు, వెనక్కి లాగలేదు. ఇద్దరూ వీధి గేటు దగ్గర నిలబడ్డారు. చీరాల బస్సు పోయింది. పొన్నూరు బస్సు పోయింది. మధ్యలో ప్రభాకరం ఫోను వచ్చింది. "అమ్మ బయటికెళ్లిందా బావగారూ?" అంటే, "వెళ్లారు. నేనూ వెళ్లాను. గేటు దగ్గరున్నాం, ఇదిగో మాట్లాడు" అన్నారీయన. అవతల కొడుకు, "స్వెట్టరు వేసుకోమనండి" అన్నాడట. ఆశ్రమం మాట ఆ తర్వాత ఈ హాల్లో నేను వినలేదు.

ఇప్పుడు రోజూ ఇదే. ఏడున్నరకు టింగ్, రెండు జతల చెప్పులు, రెండు బస్సులు. దొంగలు లోపలికి రాకుండా చూడమని నన్ను కొనుక్కున్నారు. బయటికి పోయే ఒక ముసలావిడకు తోడు పిలవడం నా పనైంది. జీతం పెరగకపోయినా ఉద్యోగం పెరిగిందనుకుంటాను.

నిన్న గేటు దగ్గర నుంచి తిరిగొస్తూ మాణిక్యాంబగారు గడపలో ఆగారు. జీవితంలో మొదటిసారి అల్లుడి వైపు తిరిగి, మధ్యలో ఎవరి పేరూ పెట్టకుండా అన్నారు. "పొద్దుపోయింది నాయనా. మీరింకా పడుకోలేదా?"

ఆయన వంగి చెప్పులు విడిచారు. "ఇదిగో, పడుకుంటానండీ" అన్నారు.

ఆమె గోడ వారగా గదిలోకి వెళ్లారు. ఆయన హాలు లైటు ఆర్పి, నా ఎర్ర దీపం ఆరేదాకా కదలకుండా నిలబడి, వీధి తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశారు.