పత్తి గదిలో గుడ్లగూబ

"పత్తి చేలో పాలపిట్టా, పైట నిండా దూదే పిట్టా..." ఆ తర్వాత ఏదో "వానొస్తే" అని వస్తుంది. చిన్నప్పుడు పత్తి తీస్తూ పాడుకునేవాళ్ళం. మిగతాది పోయింది. దూది ఏకుతూ ఆ రెండు ముక్కలే తిప్పి తిప్పి పాడుతుంటే, పక్కన బొమ్మలు వేసుకునే మా మనవరాలు అర్ఫా, తర్వాతది నువ్వే కట్టేయి నాన్నమ్మా అనేది.

మాది పర్చూరు. పరుపులకి దూది ఏకడం మా ఇంటి పని. మా అబ్బాయి మీరా హుస్సేన్ మాత్రం బోర్డులు రాసేవాడు. ఎరువుల కొట్లు, కాఫీ హోటళ్ళు, లారీ నంబర్లు. వాడి అక్షరాలు ముత్యాలు. అవి చూసే నేను అరవయ్యో ఏట కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. ప్రాణమున్నవాటి బొమ్మల జోలికి మాత్రం వాడు పోడు. కళ్ళిచ్చేది పైనున్న ఆయన, మనం కాదంటాడు.

ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. సరిగ్గా అప్పుడే అర్ఫా హైదరాబాదులో బొమ్మల కాలేజీకి పోతానంది. చేతిపనికి రోజులు చెల్లిపోయాయని వాడు ఒప్పుకోలేదు. పిల్ల పట్టు విడవలేదు. చివరికి ఒక మాట అన్నాడు.

"ఈ ఊళ్ళో ఒక్క ఇంటివాళ్ళు నీ బొమ్మ అడిగి మరీ గోడకి తగిలించుకోనీ. అప్పుడు పంపిస్తా."

అర్ఫా గుంటూరు వెళ్ళి, బ్రాడీపేటలో ఒక కాన్వాసూ, ఆక్రిలిక్ రంగుల ట్యూబులూ కొనుక్కొచ్చింది. ఏ గులాబీలో వేస్తే ఎవరో ఒకరు తీసుకునేవాళ్ళు. ఇది గుడ్లగూబను మొదలుపెట్టింది. ఎందుకే అంటే, జిన్నింగు మిల్లు చూరులో చూశాను, అంత అందమైనదాన్ని ఎవరూ సరిగ్గా చూడరు అంది.

ఆ రంగులు నీళ్ళతో కలిపేవే గానీ చిటికెలో ఆరిపోతాయి. రొమ్ము మీది తెల్ల ఈకలు గోడకి సున్నం కొట్టినట్టు వచ్చాయి. పిల్ల మూడు రోజులు ఏడుపు మొహంతో తిరిగింది. నేను ఏకిన దూదిని వెలుగులో పెట్టి చూపించాను. ఇది ఒక్క తెలుపు కాదు తల్లీ, అడుగున మట్టిరంగు, దాని మీద పొర, ఆ పొర మీద గాలి అన్నాను. మట్టిరంగు వేసి ఆరనిచ్చి, పొడి కుంచెతో తెలుపుని తాకీ తాకనట్టు లాగింది. ఈకలు లేచి నిలబడ్డాయి. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ నాన్న గుర్తొచ్చి, రెండు సన్నని గీతలు గీసి మూసేసింది. నిద్రపోతున్న పిట్ట.

మర్నాడు పొద్దున బొమ్మ తగిలించిన గోడ కింద మూడు బూడిదరంగు ఉండలు పడి ఉన్నాయి. ఎలకల బొచ్చూ, ఎముకలూ. గుడ్లగూబ తిని కక్కేవి. అర్ఫా చీపురుతో ఎత్తిపోసి కాఫీ తాగింది. ఆ రోజు నుంచి అదీ ఊడ్చే పనుల్లో ఒకటైంది.

ఎదురింటి వెంకటరావమ్మ మాత్రం ఆ దరిద్రపు పిట్టని తమ గుమ్మం వైపు తిప్పొద్దని మొదటిరోజే చెప్పింది. వాళ్ళాయన బాపయ్య ధర పెరుగుతుందని పత్తి అమ్మకుండా ముందుగదిలో దూలాల దాకా పోశాడు. గింజల కోసం ఎలకలు చేరి దాన్ని పీలికలు చేస్తున్నాయి. పిల్లిని తెచ్చారు. అది పత్తి మీద హాయిగా పడుకుంది. పది రోజులకి, అర్ఫా రోజూ ఎత్తిపోసే ఉండలు చూసి ఆవిడే వచ్చింది.

"ఏం జైనాబీ వదినా, మీ పిట్టకి నాలుగు రోజులు మా ఇంట్లో భోజనం. పంపిస్తావా?"

"దరిద్రపు పిట్ట అన్నావుగా?"

"తెలియనప్పుడు సవాలక్ష అంటాం. పిల్లని అడుగు."

అర్ఫానే తీసుకెళ్ళి మేకు కొట్టి తగిలించింది. ఆవిడ కుంకుమబొట్టు పెట్టబోతే, రంగు పాడవుతుంది మామ్మా అని చెయ్యి పట్టుకుంది. నాలుగు రోజులు నెలా పదిహేను రోజులయ్యాయి. పత్తి అమ్మేశారు, గది ఖాళీ అయింది, బొమ్మ తిరిగి రాలేదు. కాలేజీ గడువు దగ్గరపడింది. అది ఎలకల కోసం అరువు తీసుకున్నదే గానీ, బొమ్మని ముచ్చటపడి పెట్టుకున్నది కాదని మీరా హుస్సేన్ వాదన. తెచ్చేస్తానని దీపాలు పెట్టే వేళకి తనే వెళ్ళాడు.

ఒట్టి చేతులతో వచ్చాడు. ఆవిడ ఇవ్వనందట. ఖాళీ గదిలో ఎలకలేం ఉన్నాయమ్మా అని అడిగితే, ఎలకల కోసమా నాయనా, రోజూ ఒకసారి చూసుకోకపోతే తోచడంలేదు అందట. వాడు కాళ్ళు కడుక్కుని కూతురి పక్కన కూర్చున్నాడు.

"కళ్ళు బాగా కుదిరాయమ్మా," అన్నాడు. "తేనెరంగు. నా వైపే చూసింది."

అర్ఫా తల వంచుకుంది. తెచ్చుకున్న ట్యూబుల్లో ఆ రంగే లేదు.

మర్నాడు దరఖాస్తు మీద అర్ఫా పేరు వాడే రాశాడు, పెద్ద కొట్టు బోర్డు రాసినంత శ్రద్ధగా. సీటొచ్చింది. పరుపులు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళకి ముందు ఆ సంగతి చెప్పాకే నేను బేరంలోకి దిగేదాన్ని.

బస్సు ఎక్కించడానికి వెళ్ళినప్పుడు ఉత్తరం రాయమని పదిసార్లు చెప్పాను. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది.

"రాయకపోతే బెంగపెట్టుకోకు నాన్నమ్మా. పనిలో ఉన్నాననుకో."