మూడిళ్ల మామ్మ

జనాభా లెక్కలామెకు మొదటి అనుమానం ఒక దగ్గు వల్ల వచ్చింది.

కొండ కింద ఆ రైతుల పల్లెలో పదహారు గడపలు. వంద తలలున్న ఊరికే కోటవాళ్లు ఒక మబ్బులాయనను ఇస్తారు. ఆయన గట్టు మీద నిలబడి పిలిస్తే మబ్బులు గొర్రెల మందలా దిగొస్తాయి. వందకు ఒక్క తల తగ్గినా ఆయన్ను వేరే ఊరికి మార్చేస్తారు. ఆ తలలు లెక్కపెట్టడం ఈమె పని.

రెండో ఇంట్లో ఒక ముసలామె గోడవైపు తిరిగి పడుకుని దగ్గింది. ఆరో ఇంట్లో దుప్పటి ముసుగులోంచి అచ్చం అదే దగ్గు. పదకొండో ఇంట్లో మామ్మ విత్తనాలు ఏరుతూ రొప్పుతోంది. పాదాల నిండా పచ్చి బురద.

"దొడ్డిదారిన పరుగెత్తుకొచ్చావా మామ్మా?"

"మోకాళ్లే పనిచెయ్యవు, పరుగెక్కడిది తల్లీ!"

"ఈవిడ మీకేమవుతుంది?"

"మా అత్తగారు," అంది ఆ ఇంటి కోడలు. "మేనత్త," అన్నాడు ఆమె మొగుడు, అదే క్షణంలో.

అక్కణ్నుంచి ఆమెకు అన్నీ తేడాగానే కనిపించాయి. ఎనిమిది మందిమన్న ఇంట్లో కంచాలు ఐదే. ఊరిపెద్ద మాత్రం నవ్వు చెదరకుండా, "మొత్తం నూట తొమ్మిది. రాసేసుకోండమ్మా," అన్నాడు.

"రాస్తాను. అందర్నీ ఒక్కసారే కళ్లంలోకి రమ్మనండి."

ఆయన మొహం మాడిపోయింది.

చంకలో పిల్లలతో సహా అందరూ వచ్చారు. వచ్చినవాళ్లకల్లా బొటనవేలికి మసి పూస్తూ లెక్కపెట్టింది. తొంభై ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టినా అంతే.

మామ్మ ముందుకొచ్చింది. "వీళ్లనేం అనకమ్మా. పోయినేడు జ్వరాలకి పదకొండు మంది పోయారు. మబ్బులాయన కూడా పోతే మిగిలినవాళ్లం ఏం తిని బతకాలి?"

"అబద్ధం రాయలేను మామ్మా," అంది ఆమె.

అప్పుడు కనిపించారు, కళ్లం అవతల మబ్బులాయన, భార్య, కూతురు. ఎవరి వేలికీ మసి లేదు.

"వాళ్లు రాలేదేం?"

"వాళ్లు కోట మనుషులు కదా, ఎప్పుడూ లెక్కలోకి రారు," అన్నాడు ఊరిపెద్ద.

ఇదో కొత్త ఎత్తేమోనని ఆమె స్వయంగా వాళ్లింటికి వెళ్లింది. పొయ్యిలో బూడిద తడిమింది, వెచ్చగానే ఉంది. మూడు పక్కలు. దుప్పట్లు కూడా ఎత్తి చూసింది. పన్నెండేళ్లుగా అక్కడే వండుకుంటున్నామని, అక్కడే పడుకుంటున్నామని మబ్బులాయన చెప్పాడు. ఊళ్లో వండుకుని పడుకునే తల ఎవరిదైనా ఆ ఊరి లెక్కే. పదిహేడో గడప, ముగ్గురు అని రాసుకుంది. నూట ఒకటి.

ఊరిపెద్ద దండం పెట్టబోయాడు. "దండాలు తర్వాత. పోయినవాళ్ల పేర్లు చెప్పండి," అంది.

ఆయన చెబుతుంటే ఒక్కో పేరూ పైకి చదివి పాత పట్టీలోంచి కొట్టేసింది. నాలుగో పేరుకి ఎవరో బావురుమన్నారు. ఆ తర్వాత కళ్లం కళ్లమంతా ఏడ్చింది. ఏడాదిగా దాచిపెట్టిన చావులకు అంతవరకూ అక్కడెవరూ గొంతెత్తి ఏడవలేదు.