కుందేలుకి పెట్టిన ప్రసాదం

ఆ రెండో శనివారం పొద్దున పూజ ముగించి ప్రసాదం పళ్ళెంతో వరండాలోకి వచ్చేసరికి మా అమ్మాయి సాయిశ్రీ కుందేలు బోను ముందు గొంతుక్కూర్చుని ఉంది. ముందురోజు వేసిన గరిక వేసినట్టే ఉంది. బోనులో పరిచిన కాగితం మీద ఒక్క పెంటిక కూడా లేదు. కుందేలు మూలకు ఒదిగి, వీపు గూనిలా పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని ఉంది. పళ్ళు నూరుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నైవేద్యం అయ్యాక ఇంట్లో ప్రాణమున్న ప్రతిదానికీ ప్రసాదం పెట్టాకే మేము తినాలి. మా నాన్నగారి రోజుల్లో ఆవుకీ దూడకీ పెట్టేవారు. ఇప్పుడు ఆవు లేదు. ఏడో తరగతి చదివే పిల్ల ముచ్చటపడిందని రెండు నెలల కిందట కుందేలును కొన్నాక ఆ వాటా దానికి వచ్చింది. కొబ్బరి ముక్క, అరటిపండు, వడపప్పు, ఒక్కోరోజు బెల్లం అటుకులు. అది ముందుకాళ్ళు ఎత్తి మరీ అందుకునేది. రానురాను గడ్డి ముట్టడం తగ్గించింది. ఇవి కుందేలుకి పడవని ఫోన్‌లో చదివానని సాయిశ్రీ ఒకసారి చెప్పింది. ప్రసాదం తింటే ఏ ప్రాణికీ ఏమీ కాదన్నాను. నా మాట నమ్మి మళ్ళీ ఎత్తలేదు.

ఆ పొద్దున కూడా పిల్ల నన్ను ఏమీ అడగలేదు. అదే నాకు కష్టంగా ఉంది. జపానికి కూర్చున్నాను. ఎన్నిసార్లు మొదలుపెట్టినా వేళ్ళ మీద లెక్క పది దాటలేదు. లేచి బోను దగ్గరకు వెళ్ళాను, గదిలోకి వచ్చాను, మళ్ళీ బోను దగ్గరకు వెళ్ళాను. మా ఆవిడ భ్రమరాంబ వంటింట్లోంచి చూసి, ప్రదక్షిణలు గుళ్ళో చేసుకోవచ్చు, ముందు దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళమంది.

అట్టపెట్టెలో తువ్వాలు పరిచి, కుందేలును పెట్టి, సాయిశ్రీ ఒళ్ళో పెట్టుకుంది. స్కూటరు మీద పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. మాకంటే ముందు వీరబాబు అనే రైతు గేదెతో ఉన్నాడు. నేను గుమ్మంలోకీ బయటికీ తిరగడం కాసేపు చూశాడు.

"ముందు మీరే చూపించుకోండి పంతులుగారూ. మా గేదె నిలబడగలదు గానండీ, మీరు నిలబడేలా లేరు."

డాక్టరు ఝాన్సీగారు కుందేలు పొట్ట నొక్కి చూసి, గొట్టం పెట్టి విన్నారు. చప్పుడు ఉండాల్సిన చోట ఏమీ లేదన్నారు. ఏం పెడుతున్నారని అడిగారు.

"గడ్డేనండి," అన్నాను.

సాయిశ్రీ తలెత్తి నా వైపు చూసి, మళ్ళీ దించుకుంది. గడ్డే తింటే ఇలా కాకూడదే, దారమో ప్లాస్టిక్కో మింగిందేమో, ఎక్స్‌రే ఫొటో తీయించడానికి రాజమండ్రి తీసుకెళ్ళండి అంటూ ఆవిడ చీటీ రాయడం మొదలుపెట్టారు. కుందేలు పెట్టెలో కదలకుండా ఉంది. పొద్దున్నే సహస్రనామం చదివిన నోటితో అబద్ధం ఎందుకు వచ్చింది? ప్రసాదానికి మాట రాకూడదనా, నాకు మాట రాకూడదనా?

"గడ్డి కాదండి," అన్నాను. "రెండు నెలల్నించీ రోజూ కొబ్బరీ అరటిపండూ వడపప్పూ పెట్టేనండి. ప్రసాదం. నేనే పెట్టేను. పిల్ల పడవని చెప్పింది, నేనే వినలేదు."

ఆవిడ రాస్తున్న చీటీ చింపేశారు. కోప్పడలేదు. కుందేలుకి పేగు నడవాలంటే పీచు పడుతూనే ఉండాలన్నారు. తిన్నది కక్కడం దానికి చేతకాదు, ముందుకే పోవాలి. తీపీ పిండీ ఎక్కువైతే లోపల పులిసి, గాలి పట్టి, పేగు నిలిచిపోతుంది. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, చర్మం కింద సెలైన్ ఎక్కించారు. వెచ్చగా ఉంచి, అప్పుడప్పుడు నాలుగడుగులు వేయించమన్నారు. సాయంత్రానికి పెంటికలు పడకపోతే మళ్ళీ తీసుకురమ్మన్నారు. బతికితే ఇక ఎప్పుడూ దాని ముందు గడ్డి ఉండాలి, ఆకుకూర గుప్పెడు, పండు ఎప్పుడైనా గోరంత.

"ప్రసాదం మీరు తినండి," అన్నారు చివర్లో. "దానికి గడ్డి పెట్టండి."

దారిలో సాయిశ్రీ వెనక నుంచి, "ముందే నిజం చెప్పుండాల్సింది నాన్నగారూ," అంది.

"ఆయ్," అన్నాను. అవునన్నట్టు తల కూడా ఊపాను.

మధ్యాహ్నం భోజనం సగంలో లేచాను. పడుకుంటే పళ్ళు నూరే చప్పుడు వినిపిస్తున్నట్టే ఉంది, లేచి వెళితే లేదు. చప్పుడు ఆగితే నొప్పి తగ్గినట్టా, ఇంకేమైనానా అని మరో భయం. స్వామికి దణ్ణం పెట్టుకోబోయి ఆగాను. దీన్ని బతికించమని అడగనా, నన్ను క్షమించమనా? దానికి పెట్టమని ఆయన నాతో ఏనాడూ అనలేదు. పద్ధతి మాది. చేయి నాది.

నాలుగున్నరకు సాయిశ్రీ కేకేసింది. కాగితం మీద ఆవాలంత పెంటికలు మూడు ఉన్నాయి. అరగంటకి మరికొన్ని, కాస్త పెద్దవి. ఆ తర్వాత కుందేలు మెల్లగా మెడ చాచి ఒక గరికపోచ అందుకుంది. పోచ నోట్లోకి పోతున్నంతసేపూ మేం ముగ్గురం వంగి చూస్తూనే ఉన్నాం.

మర్నాడు పూజ కాగానే నా కాళ్ళు అలవాటుగా బోను వైపే నడిచాయి. సాయిశ్రీ అడ్డంగా నిలబడింది.

"చేతులు చూపించండి నాన్నగారూ."

పళ్ళెం అరుగు మీద పెట్టి రెండు అరచేతులూ చాపాను. వంగి వాసన చూసింది.

"కొబ్బరి వాసనేస్తోంది. కడుక్కుని రండి."

పెరట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, సబ్బు పెట్టి రెండుసార్లు కడుక్కున్నాను.