ఇవాళ ఎక్కడ నొప్పి?

మారిసా బరేలా ఎడమ మణికట్టుకు టేపు చుట్టే పని కారిన్ ఓస్ట్రమ్ మీద పడింది. ఆమెకు ఆ పని వచ్చని కాదు, వేరే పని లేదని. కాలేజీ టెన్నిస్ జట్టులో ఆరుగురు ఆడతారు. మొదటి ఏడాది కారిన్ ఆ ఆరుగురిలో కూడా లేదు. బెంచీ మీద కూచుని గొంతు బొంగురుపోయేలా అరవడమే ఆమె ఆట. యూనివర్సిటీ ఫిజియోకు ఫుట్‌బాల్ కుర్రాళ్ళ మోకాళ్ళతోనే సరిపోయేది, టెన్నిస్ ఆడపిల్లల మణికట్లు చూసే తీరిక ఎక్కడిది? అందుకని ఒకరోజు కోచ్ హాన్రహాన్ టేపు చుట్ట ఒకటి కారిన్ ఒళ్ళో పడేసి, "నీ చేతులు ఖాళీగానే ఉన్నాయిగా, నేర్చుకో," అని వెళ్ళిపోయింది.

మారిసా ఆ జట్టులో ఒకటో నంబరు. ఆడేది కుడిచేత్తోనే, ఎడమవైపు వచ్చే బంతులకు మాత్రం రెండు చేతులూ వాడేది, భారమంతా ఆ ఎడమ మణికట్టు మీదే. న్యూ మెక్సికో పిల్ల. పచ్చిమిరపకాయ లేనిదే ముద్ద దిగదు, నోరు కూడా అంతే ఘాటు. కారిన్ ఏమీ అడక్కుండా మొదటి చుట్టు వేయబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ముందు అడగవే. దూడ కాలికి కట్టు కట్టినట్టు మొదలెట్టేస్తావేంటి?"

"ఏమడగాలి?"

"ఎక్కడ నొప్పి అని. రోజుకో చోట ఉంటుంది అది. దాన్ని బట్టి కట్టాలి."

ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే కారిన్ అడిగేది, "ఇవాళ ఎక్కడ?" మారిసా కుడిచేతి బొటనవేలితో చోటు చూపించేది. నొప్పి పైన ఉంటే ఒక రకంగా, పక్కన ఉంటే ఇంకో రకంగా కారిన్ కట్టేది. ఒంటిచేత్తో ఎవరి కట్టు వాళ్ళు కట్టుకోలేరు. పోనుపోనూ ఇంకెవరైనా కడతామన్నా మారిసా ఒప్పుకునేది కాదు.

బదులుగా మారిసా ఆమెకు ఆట నేర్పింది. నేర్పడమంటే బుజ్జగించడం కాదు, తిట్టడం. తెల్లారకముందే లేపి కోర్టుకు ఈడ్చుకెళ్ళేది. నెబ్రాస్కా మొక్కజొన్న చేల నుంచి వచ్చిన ఈ పొడుగు పిల్ల బంతిని చదునుగా, బలంగా, ఎక్కువగా వలలోకే కొట్టేది.

"కింద నుంచి పైకి దువ్వు బంతిని. అవతలిదాని భుజం మీదికి ఎగరాలి. ఆ ఎత్తులో ఎవత్తెకీ కొట్టడం చేతకాదు, నాకు తప్ప," అనేది మారిసా.

ఆ దెబ్బ పట్టుబడ్డాక కారిన్ ఆరో స్థానంలోకి వచ్చింది, తర్వాత నాలుగులోకి, చివరి ఏడాదికి రెండులోకి. కాలేజీ అయిపోగానే ఇద్దరూ ఒకే కారులో బయల్దేరి చిన్న టోర్నీలు ఆడడం మొదలుపెట్టారు. అక్కడ అరిచే జట్టు లేదు, భుజం తట్టే కోచ్ లేదు. ఊరు ఊరికీ ఎవరో ఒకరు దయతలచి తమ ఇంట్లో ఒక గది ఇస్తే అందులో ఇద్దరూ సర్దుకునేవాళ్ళు. పొద్దున్నే సాధనకు బంతులు కొట్టుకోవడానికీ ఒకరికి ఒకరే దిక్కు.

మణికట్టు మాత్రం నానాటికీ పాడైపోతోంది. కోసి సరిచెయ్యాలి, ఏడాదిపాటు రాకెట్ పట్టకూడదు, ఆ తర్వాత కూడా పూచీ లేదు అన్నాడు డాక్టరు. మారిసా దానికి గడువు పెట్టుకుంది. న్యూయార్క్ పెద్ద టోర్నీ అర్హత పోటీల్లో ఒక్కసారి అడుగుపెట్టాలి, ఆ తర్వాత ఏ కత్తికైనా సిద్ధం. కారిన్ కూడా గడువు పెట్టుకుంది, తిరగేసి. ఈ వేసవిలో న్యూయార్క్ దొరక్కపోతే ఇంటికి వెళ్ళిపోయి, తన పాత హైస్కూల్లో పిల్లలకు టెన్నిస్ నేర్పే ఉద్యోగంలో చేరిపోతానని నాన్నకు మాటిచ్చింది. ఆ ఉద్యోగం తలుచుకుంటేనే ఆమెకు ఊపిరాడేది కాదు.

న్యూయార్క్ జాబితా ముగిసే వారంలో ఓక్లహోమాలో ఒక చిన్న ఊరి టోర్నీకి వచ్చారు ఇద్దరూ. ర్యాంకుల్లో ఇద్దరూ ఆ జాబితా గీతకు కాస్త అవతల ఉన్నారు. కప్పు గెలిస్తే లోపల, లేకపోతే బయట. ఇక దేవుడికి వేళాకోళం తోచినట్టుంది. ఫైనల్లోకి వచ్చింది ఈ ఇద్దరే.

ఆదివారం పొద్దున, గది ఇచ్చిన మిసెస్ టల్లీ వంటింట్లో ఇద్దరికీ ఎదురెదురుగా గుడ్లూ బిస్కెట్లూ పెట్టి, "చర్చి నుంచి నేరుగా వచ్చేస్తాను. ఇద్దరికీ చెరికాసేపు చప్పట్లు కొడతాను, మీరు నన్ను ఇరకాటంలో పెట్టకండమ్మా," అని వెళ్ళింది. మారిసా పళ్ళెం పక్కకు నెట్టి ఎడమచెయ్యి బల్ల మీద చాపింది.

కారిన్ కదల్లేదు. "ఇవాళైనా టోర్నీ ఫిజియో దగ్గర కట్టించుకోవచ్చు కదే."

"ఆవిడ దీన్ని చూసిందంటే ఆడనిస్తుందా? ఇంటికి పోయి పడుకోమంటుంది. కట్టవే తల్లీ. గెలిచాక నీకు నిండా మిరపకాయలు పెట్టి చుట్టిన బర్రీటో రొట్టె కొనిపెడతా."

"గెలిచేది నేనైతే?"

"నువ్వే కొనిపెట్టు. ఎటొచ్చినా తినేది నేనే."

కారిన్ నవ్వింది. టేపు చివర గోటితో లేపింది. అప్పుడు అడిగింది, "ఇవాళ ఎక్కడ?"

రోజూ అడిగే మాటే. రోజూలాగే మారిసా బిస్కెట్ నములుతూ, ఆలోచించకుండా చెప్పేసింది. "కింది బంతులకి బానే ఉంది. భుజం దాకా లేస్తే మాత్రం, ఇదిగో, చిటికెనవేలి పక్క, కత్తి దిగినట్టుంటోంది. నిన్న సెమీస్‌లో అలాంటివి ఒకటో రెండో పడ్డాయంతే. ఆ పిల్లకి తెలీదు కాబట్టి బతికిపోయా."

కారిన్ బొటనవేలు ఆ చోట ఆగింది. కింద ఎముక పక్కన నరం వేడిగా, ఉబ్బి తగిలింది. రోజూకన్నా ఎక్కువసేపు ఆగిందని ఆమెకే తెలుసు. తర్వాత కట్టు కట్టింది. నాలుగేళ్ళలో అంత మంచి కట్టు ఎప్పుడూ కట్టలేదు. ఒక్క మడత లేదు, ఒక్క చోట వదులు లేదు. కట్టాక చాలా నిజాయితీగా ప్రవర్తించానని తనకు తాను చెప్పుకుంది. ఎవరూ అడగని మాట తనకెందుకు చెప్పుకోవలసి వచ్చిందో మాత్రం ఆలోచించలేదు.

కోర్టు మీద గాలి దుమ్ము లేపుతోంది. మారిసా ఆ రోజు కాలేజీలో ఆడినట్టే ఆడింది, అంటే అవతల మనిషి ఉందన్న పట్టింపు లేకుండా. మొదటి సెట్ గెలిచింది. రెండో సెట్లో కూడా ముందుంది. కారిన్ విరామంలో కుర్చీలో కూచుని నీళ్ళు తాగుతుంటే, హైస్కూల్ కోర్టు, చిరిగిన వల, రాకెట్ తిరగేసి పట్టుకున్న పిల్లలు కళ్ళ ముందుకు వచ్చారు. ప్రాణం ఉసూరుమంది. అవతలివాళ్ళ బలహీనత మీద కొట్టడమే కదా ఆట అనుకుంది. అందరూ అదే చేస్తారు, మారిసా కూడా అదే చేస్తుంది. అన్నీ నిజమే. ఆ బలహీనత లోకంలో తనొక్కదానికే ఎలా తెలిసిందన్నది మాత్రం పక్కన పెట్టేసింది.

లేచి వెళ్ళి, కింద నుంచి పైకి దువ్వి, మారిసా ఎడమ భుజం మీదికి ఎగిరేలా కొట్టింది.

మొదటిది గాలికి అలా లేచిందనుకుంది మారిసా. రెండోదాన్ని అందుకుంటూ మొహం చిట్లించింది. మూడోది కూడా అక్కడికే వచ్చేసరికి, ఆ పాయింటు అయ్యాక కదలకుండా నిలబడి వల అవతలకు చూసింది. కోపంగా కాదు. ఇంట్లో ఏదో వస్తువు కనబడకపోతే, ఎక్కడ పెట్టానబ్బా అని చూసినట్టు చూసింది. కారిన్ తల దించుకుని రాకెట్ తీగలు సరిచేసుకుంది.

"ఎంత ముచ్చటగా ఎగురుతున్నాయో," అని మిసెస్ టల్లీ పక్కావిడతో అంటుంటే కోర్టులోకి వినిపించింది. ఆవిడ చప్పట్లు కొట్టింది.

రెండో సెట్ కారిన్‌ది. మూడో సెట్ మధ్యలో మారిసా రెండు చేతులతో ఒక ఎత్తు బంతి కొట్టబోయి చిన్న మూలుగు మూలిగింది, దగ్గరున్నవాళ్ళకు మాత్రమే వినిపించేంత. రాకెట్ నుంచి ఎడమచెయ్యి జారిపోయింది. ఫిజియోను పిలవలేదు, మానేస్తానని చెప్పలేదు. ఆ తర్వాత కుడిచేత్తో మాత్రమే ఆడింది. సర్వీసుకు బంతి పైకి వేయడానికి ఎడమచెయ్యి లేవకపోతే కింద నుంచే కొట్టింది. అప్పటికి ఇంక ఆ ఎత్తు బంతులతో కారిన్‌కు పనే లేదు. ఏ మూలకు కొట్టినా గెలుస్తుంది. అయినా అక్కడికే కొట్టింది, ఆఖరి పాయింటు దాకా అక్కడికే కొట్టింది. కాస్త జాలిపడి ఒక్క బంతి మరోవైపు వేసినా అంతకుముందు వేసినవన్నీ తప్పని ఒప్పుకున్నట్టవుతుందని భయం.

వల దగ్గర మారిసా చెయ్యి కలిపింది. "బా ఆడావే," అంది. కాలేజీలో ఎవరు గెలిచినా జట్టంతా కోర్టులోకి పరిగెత్తుకొచ్చి మీద పడేది. ఇక్కడ ఇద్దరే ఉన్నారు. కప్పు ఇచ్చారు, ఫోటో తీశారు, మిసెస్ టల్లీ ఇద్దరినీ కౌగిలించుకుని, "రాత్రికి మాంసం కూర చేస్తా," అని వెళ్ళిపోయింది.

కారు మారిసాది, కాని ఆమె నడపలేదు. కారిన్ స్టీరింగు ముందు కూచుంది. మారిసా పక్కసీట్లోంచి ఎడమచెయ్యి ఆమె ఒళ్ళో పెట్టింది.

"కొయ్యి. బిగిసిపోయి వేళ్ళు తిమ్మిరెక్కిపోతున్నాయి."

కారిన్ సంచిలోంచి కత్తెర తీసింది. టేపు కింద చర్మం నల్లబడుతూ పొంగుకొచ్చింది. కత్తెర మొన దూర్చే సందు కోసం వెతకాల్సి వచ్చింది. కారిన్ కొద్దికొద్దిగా కోసింది. మారిసా మూలగలేదు. అద్దంలోంచి బయటికి చూస్తూ కూచుంది.

"ఒకటడగనా?" అంది.

"అడుగు."

"ఆ బంతులు కొట్టినందుకు కాదే. అవి నేనే నేర్పాను, నేనైనా కొట్టేదాన్నేమో. పొద్దున అడిగావు చూడు, ఎక్కడ అని. రోజూలాగే అడిగావా?"

కారిన్ టేపు ముక్కలు పోగుచేసి ఉండ చుట్టింది. నిజం చెప్పాలని ఉంది. కాని నిజం చెబితే నాలుగేళ్ళ పొద్దులన్నీ పోతాయి.

"రోజూలాగే అడిగాను."

మారిసా తలూపింది. నమ్మిందో లేదో మొహంలో తెలియలేదు. చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. "సరే, పద. బర్రీటో బాకీ ఉన్నావు," అంది. దారిలో కారిన్ కొనిపెట్టింది. మారిసా సగం కూడా తినలేదు.

మారిసా మణికట్టుకు కత్తి కోత అయింది. నెలలు గడిచాయి. రాకెట్ మాట దేవుడెరుగు, ఎడమచేత్తో నిండు గిన్నె ఎత్తలేకపోతున్నానని మారిసా ఒకసారి ఫోన్లో చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి, ఆ తర్వాత ఆగిపోయాయి.

కారిన్ మాత్రం ఆ వేసవిలోనే న్యూయార్క్‌లో అర్హత పోటీలు గెలిచింది, అసలు పోటీలో రెండు రౌండ్లు దాటింది. ఆ సంవత్సరమంతా ఎక్కుతూనే పోయింది. టీవీ వాళ్ళకు ఆమె కథ బాగా నచ్చింది. కాలేజీలో బెంచీ మీద కూచున్న పిల్ల ఇంతదయ్యిందని చెప్పుకున్నారు. అవతలివాళ్ళ లోపం ఇట్టే కనిపెట్టేస్తుంది, ఎలా కనిపెడుతుందో ఏమో అని మెచ్చుకున్నారు. అది విన్నప్పుడల్లా కారిన్ చానల్ మార్చేసేది.

మరుసటి వేసవి మళ్ళీ న్యూయార్క్. కుడి భుజంలో వారంనుంచి సలుపు, తల దువ్వుకోవడానికి చెయ్యి ఎత్తితే కళ్ళు తిరుగుతున్నాయి. ఆ సంగతి ఎవరికీ తెలియదు. బట్టలు మార్చుకునే గదిలో, డబుల్స్‌లో తనకు జోడీగా ఆడే చెక్ దేశపు పిల్ల ఎలిష్కా ఆమె చొక్కా వేసుకునే తీరు చూసి దగ్గరికి వచ్చింది. మంచి పిల్ల, నవ్వుమొహం. సింగిల్స్‌లో ఇద్దరూ గెలుస్తూ పోతే మూడో రౌండులో ఎదురుపడతారు.

ఎలిష్కా తన సంచిలోంచి టేపు చుట్ట తీసి, బెంచీ మీద పక్కన కూచుంది.

"ఇటు తిరుగు, నేను కడతాను. ఎక్కడ నొప్పి?"

కారిన్ ఆ టేపు వంక చూసింది, ఆ పిల్ల వేళ్ళ వంక చూసింది.

"ఎక్కడా లేదు," అంది.