తెల్లగీత

ఆ పార్కులో జెయింట్ వీల్ బాగోగులు చూసేది ఫిట్టరమ్మ. అసలు పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు. నట్టు బిగించాక దాని మీంచి కింది పలక దాకా ఒక తెల్లగీత గీయడం ఆమె అలవాటు. నట్టు ఏ కాస్త తిరిగినా గీత విరుగుతుంది. రోజూ పొద్దున్నే గీతలు తిన్నగా ఉన్నాయని చూసుకుని, రాత్రి గుండెల మీద చెయ్యేసుకుని పడుకునేది.

పోయిన నెల వీల్ కాళ్ళకు రంగులేసింది ఆమె అన్నయ్య. పెయింటరు, పైగా చాదస్తం. తుప్పుకు సందు దొరకకూడదని ఒక్కో బోల్టూ విప్పించి, నట్టు కూర్చునే చోట కూడా దట్టంగా పూతలు పూశాడు. ఆఖరి బోల్టు దగ్గరికొచ్చేసరికి డబ్బా ఖాళీ.

"దీన్నొక్కదాన్నీ బోసిగా వదిలేస్తావా? చూడ్డానికి ఎంత దరిద్రంగా ఉందో!" అని చెల్లెలు దెప్పింది. తరవాత అన్నిటినీ, బిగువు సరిపోయిందని టార్క్ స్పానర్ టక్కుమనేదాకా తనే బిగించి, మళ్ళీ గీతలు గీసింది.

ఆ మిగిలిన బోల్టు పని పట్టడానికే అన్నయ్య ఈరోజు కొత్త డబ్బాతో వచ్చాడు. వెంట వచ్చిన కూతురు వీల్ ఎక్కి కూర్చుంది. మేనకోడలికి చెయ్యి ఊపుతూ ఫిట్టరమ్మ ఒక నట్టు మీది దుమ్ము తుడిచింది.

నట్టు ఆమె వేళ్ళతో పాటు తిరిగింది.

ఒక్క క్షణం ఆమెకు ఏమీ అర్థం కాలేదు. ఇప్పటిదాకా తిన్నగా ఉన్న గీత కళ్ళముందే రెండు ముక్కలైంది. పక్క నట్టు పట్టుకుంది. అదీ తిరిగింది.

"ఎక్కించుకోవడం ఆపు! మెల్లిగా దించు అందర్నీ!" అని ఆపరేటర్ మీద అరిచింది. "ఒక పక్కే ఖాళీ చెయ్యకు, బరువు ఒరుగుతుంది, ఎదురెదురు పెట్టెల్లోంచి దించు!"

అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు. "గీతలు బాగానే ఉన్నాయి కదే!"

"నట్టు తిరిగితే కదా గీత విరిగేది! బిగిస్తే బోల్టు వెంట్రుకవాసి సాగుతుందన్నయ్యా. మళ్ళీ పొట్టిగా అవ్వాలని లాగుతుంది చూడు, ఆ లాగుడే కాలిని పట్టి ఉంచేది. నట్టు తిరక్కుండానే దాని కింద నీ రంగు నలిగి పల్చబడింది. ఆ సందు దొరికేసరికి బోల్టు సాగిందంతా పోయింది."

"మరి రోజూ నువ్వు చూసిందేంటి?"

"గీతని" అంది.

మేనకోడలు అందరికంటే ఆఖరున దిగింది. "అత్తా, పైన భలే ఊగింది! ఇంకోసారి ఎక్కనా?"

అన్నయ్య కూతుర్ని పొదివి పట్టుకున్నాడు. ఫిట్టరమ్మ ఆ కాలి నట్లన్నీ పట్టి చూసింది. ఒకదాని తరవాత ఒకటి, అన్నీ వేళ్ళకే తిరిగాయి.

ఆఖరిది తిరగలేదు. రెండు చేతులూ వేసి, ఒళ్ళంతా బిగబట్టి తిప్పినా ఇసుమంతైనా కదల్లేదు. రంగు పడని బోల్టు అది.

దానికోసం అన్నయ్య తెచ్చిన డబ్బాకి ఇంకా మూత తీయలేదు.