పన్నెండో చీటీ

బడికి అతిథి వచ్చినప్పుడు పిల్లలు అడగాల్సిన ప్రశ్నలన్నీ ముందే చీటీల మీద రాసి పంచడం కొత్తగూడలోని ఆ బడి ఆనవాయితీ. రాసేది తెలుగు టీచర్ వాసంతి. ఆ పొద్దున చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, కుక్కర్ కూతలు లెక్కపెడుతూ పదకొండు చీటీలు రాసేసింది. రాయాలని మీకెప్పుడు అనిపించింది, మీకిష్టమైన పాత్ర ఎవరు... ఏ రచయితకైనా అతికే ప్రశ్నలు.

అయితే వస్తున్నది ఎవరో కాదు, నీహారిక. నిజాంపేట హాస్టల్లో మూడేళ్లు పక్క మంచం. రాసిన ప్రతి కథా తెచ్చి "కాస్త చూసిపెట్టవే" అని వాసంతి ఒళ్లో పడేసేది. వాసంతి ఓపిగ్గా దిద్దేది. ఇప్పుడా నీహారిక మాదాపూర్‌లో ఉద్యోగం చేసుకుంటూనే టీనేజీ పిల్లల కోసం నవల రాసింది, అచ్చేయించింది, పుస్తకం ఎలా అచ్చవుతుందో చెప్పడానికి బడి బడికీ తిరుగుతోంది. దిద్దిన చేయి మాత్రం చిక్కుడుకాయల దగ్గరే ఉండిపోయింది. వాసంతికి కడుపు మండిపోతోంది. అసూయే. దానికి మర్యాదైన పేరు వెతుక్కునే ఓపిక కూడా ఆమెకు లేదు.

తనదీ ఒక నవల ఉంది. హాస్టల్లో మొదలుపెట్టింది. నీలం అట్ట నోట్‌బుక్కులో నలభై పేజీల దగ్గర ఆగిపోయి అటకెక్కింది. బడి లేని శనివారం ఒక్క పూట తనకు వదిలెయ్యమని భర్త రవీందర్‌ని పదేళ్లుగా అడుగుతూనే ఉంది. "రాస్కో, నేనొద్దన్ననా? ఇంట్ల పనయినంక రాస్కో" అంటాడు. ఇంట్లో పని ఎప్పుడవుతుందో మాత్రం చెప్పడు. అత్త సీతాబాయిదైతే ఒకటే మాట. "దినమంత బళ్లె రాసుడేనాయె, ఇంటికొచ్చి గూడ ఏంది రాసుడు?"

పన్నెండో చీటీ దగ్గర పెన్ను ఆగింది. నీహారిక ఇంట్లో వంటమనిషి ఉండే ఉంటుంది. లేకపోతే నవలలెక్కణ్ణుంచి వస్తాయి! ఆ సంగతి అందరి ముందూ ఒప్పుకుంటే చూడాలనిపించింది. "మీరు నవల రాసుకుంటుంటే మీ ఇంట్లో వంట ఎవరు చేశారు?" అని రాసి, బడికి వెళ్లగానే తొమ్మిదో తరగతి ప్రవళిక చేతిలో పెట్టింది. ఆ పిల్ల గొంతు హాలు చివరిదాకా వినబడుతుంది మరి.

పరిచయం చదవాల్సిందీ వాసంతే. "ప్రముఖ నవలా రచయిత్రి" అన్న ముక్క దగ్గర ఆగిపోయింది. మంచినీళ్లు తాగి మళ్లీ చదివింది. పదకొండు ప్రశ్నలకూ నీహారిక హాయిగా జవాబులు చెప్పింది. ఆరుగురు ప్రచురణకర్తలు వద్దన్నారట, ఏడో ఆయన ఫోన్ చేశాడట. పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు ప్రవళిక లేచింది.

ప్రశ్న విని హాలంతా నవ్వింది. నీహారిక నవ్వలేదు.

"నేనే చేశానమ్మా. ఒక్క పూట ఇవ్వండని ఇంట్లో అడిగి అడిగి విసిగిపోయి, చివరికి అబద్ధం చెప్పాను. శనివారం కూడా ఆఫీసుందని చెప్పి క్యారేజీ కట్టుకుని బయల్దేరేదాన్ని. మెట్రో స్టేషన్లో బెంచీ మీద కూర్చుని రాసుకునేదాన్ని. రెండేళ్లు. పుస్తకం అచ్చయ్యాకే మావాళ్లకు తెలిసింది."

ప్రిన్సిపాల్ మేడం గట్టిగా దగ్గింది.

శాలువా పళ్లెం పట్టుకుని వాసంతి అలాగే నిలబడిపోయింది. పొద్దుటిదాకా కుళ్లుకున్నది అచ్చయిన పుస్తకాన్ని చూసి. ఇప్పుడు అంతకు పదింతలు కుళ్లు పుట్టింది, ఆ శనివారాల మీద, ఆ అబద్ధం మీద. తనకెందుకు తోచలేదు? క్లాసులో పిల్లలు బాత్రూంకి వెళ్లడానికి చెయ్యెత్తినట్టు పదేళ్లుగా చెయ్యెత్తుకునే కూర్చుంది.

శాలువా కప్పుతుంటే నీహారిక వాసంతి చెవిలో అంది. "చివరి ప్రశ్న నువ్వు రాసిందే కదూ? పిల్లలకు తట్టదది. నీ నీలం నోట్‌బుక్ ఏమైందే?"

"అటక మీదుంది."

నీహారిక జాలిపడుతుందేమోనని వాసంతి ఆమె మొహంలోకి చూసింది. పడలేదు. అదొక్కటీ నచ్చింది.

సాయంత్రం బడి గేటు దాటుతుండగా రవీందర్ ఫోన్ చేశాడు.

"ఇంక రాకపోతివి? అమ్మ చాయ్ అడుగుతుంది."

"వస్తున్న. ఆఁ, ఇగ శనివారాలు స్పెషల్ క్లాసులట. పొద్దుగూకేదాక."

"శనివారం గూడనా? మరి వంట?"

"మీరే ఏదన్న చేసుకోవాలె."

"ఎన్ని దినాలుంటయట?"

నలభయ్యో పేజీ తర్వాత ఏం జరగాలో వాసంతికి అప్పుడే గుర్తుకు రావడం మొదలైంది.

"సిలబస్ శాన ఉంది," అంది. "ఇప్పటికి నలభై పేజీలే అయినయ్."