దిగువ మెట్టు నీరు

వైశాఖమాస ప్రచండభానుకిరణజాలసంతప్తమై నగరమాలిన్యసర్వస్వమును గర్భమున దాల్చి దుర్గంధబంధురఫేనపటలములచే తీరద్వయమును గప్పుచు మూసీనది ప్రవహించుచుండెను. దానిని నది యనుటకు నోరు రాదు గాని వేఱు పేరు లేదు.

విశ్రాంత రసాయనశాస్త్రోపాధ్యాయిని యగు సుగుణాదేవి నదీసంరక్షణోత్సాహపరవశయై, ఎవ్వరును కోరకయే ప్రత్యాదివారప్రభాతమున రేవునకు వచ్చి, సీసాను నదీజలముతోనే ముమ్మాఱు తొలిచి కడిగి నాలుగవమాఱు నింపి పరీక్షించి ఫలితముల నధికారులకు బంపుచుండెను. తొలుచుటలో నామె యెన్నడు నేమఱి యెఱుగదు. అంతటి నియమవతి నీరెక్కడ ముంచవలయునో యను సంగతి మాత్రము గాలికి వదలెను. ఎగువన రంగుల కార్ఖానా కాలువ కలియుచోట మోకాలిలోతు బురద. చాకిరేవునకు దిగువన శుభ్రమైన రాతిమెట్లు. ఔరా, పాదరక్షలపై నెంత దయ! ఏడాది పొడుగునను మెట్లమీదనే సీసా ముంచెను. ఎగువనుండి వచ్చిన నురుగంతయు సబ్బునురుగని కాగితమున కెక్కెను.

రజకులు నదిని జెఱచుచున్నారనియు పదిదినములలో రేవు విడువవలయుననియు నొక నోటీసు చాకిబండకు నంటింపబడెను. సాక్ష్యముగా సుగుణాదేవి సంతకము దానిక్రింద నుండెను. మూడుతరములుగా నాబండనే నమ్ముకొనిన కుటుంబమున బుట్టిన బాలనర్సమ్మ, ఆదివారమున మెట్లు దిగుచున్న యామె నడ్డగించి గొంతు హెచ్చింపకయే పలికెను.

"మీ సీసల మా సబ్బు జూశిండ్రు గద టీచరమ్మా. ఆ సబ్బు మీ చీరెలకు వెట్టిందే. బురదల కాలు వెట్టనీకి మీకు మనసు రాలే. మా పొట్ట మీద కొట్టనీకి మాత్రం సంతకం వెట్టిండ్రు."

పదునెనిమిదేండ్లుగా నామె చీరల నుతుకునది బాలనర్సమ్మయే. సుగుణాదేవి చెప్పులు విడిచి ఎగువకుం బోయి మోకాళ్లవఱకు బురదలో దిగి సీసా నింపెను. చాకిరేవునకు జేరకమున్నే నీరు నురుగులు గ్రక్కుచుండెను. తప్పు తనదని యొప్పుకొనుచు నధికారులకు వ్రాసెను. పాత కాగితమే చాలునని ప్రత్యుత్తరము వచ్చెను.

పదవనాడు బండలు పెకలింపబడెను. ఆ సాయంకాలమున బాలనర్సమ్మ ఉతుకని చీరల మూటను సుగుణాదేవి గుమ్మమున బడవైచి మరలిపోయెను.

తరువాతి యాదివారమున సుగుణాదేవి యా మెట్టుమీదనే నిలిచి యలవాటు చొప్పున సీసాను ముమ్మాఱు తొలిచెను. పైన నుతుకువారొక్కరును లేరు. నురుగు మాత్రము మునుపటివలెనే వచ్చి యామె పాదములను జుట్టుకొనెను.